సెయింట్ ఎబినేజర్

మాతో ఒకే ఇంట్లో ఉండే మా చిన్నాన్న కొడుకు ఎబినేజర్ కంప్యూటర్ ఆటలో సెయింట్. రెప్యుటేషన్ నూటికి తొంభై ఎనిమిది పాయింట్లు. వాడి గుర్రం కనబడగానే ఆ ఆటలోని ఊరివాళ్లు తలుపులు తీస్తారు, పిల్లలు పూలు చల్లుతారు. నాలుగు నెలలపాటు దొంగతనం చెయ్యకుండా, అబద్ధం ఆడకుండా, ఒక ముసలమ్మకు మందులు మోసి మోసి సంపాదించిన పేరది. వాడి నిజాయితీ అంతా ఆటకే సరిపోయింది.

బయట వాడు చేసిందేమిటో చెప్తాను. పోయిన వానాకాలం కోరుట్లలో బస్సు తప్పిపోతే, నేను పనిచేసే స్కూల్లో లెక్కలు చెప్పే భానుప్రసాద్ సార్ బండి మీద మెట్‌పల్లికి వచ్చాను. అంతే. వాడు దారిలో మమ్మల్ని చూసి, చర్చి కమిటీ ముందు బైబిల్ మీద చెయ్యి పెట్టి, "లిడియక్కను లాడ్జి కాడ కండ్లార చూసిన" అన్నాడు. ఎనిమిదేళ్లుగా నేను చెప్తున్న సండే స్కూల్ క్లాసు ఇప్పుడు వాడిది.

"క్షమాపణ అడుగుతవా, సంఘం ఇడిచిపెట్టి పోతవా?" అన్నారు పెద్దమనుషులు. నేను ఏ తప్పూ చెయ్యలేదంటే ఒక్కరూ వినలేదు. అవ్వ ఏడుపు చూడలేక క్షమాపణ అడిగాను. ఆ రోజు మింగిన మాట ఇంకా గొంతులోనే ఉంది.

మొన్న శనివారం యూత్ మీటింగులకని ఆదిలాబాద్ పోయినవాడు ఫోన్ చేశాడు.

"అక్కా, జర నా కంప్యూటర్ల గేమ్ అప్‌డేట్ పెట్టవా?"

పెట్టాను. పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకున్నాను. వాడు ఆడుతుంటే చూసీ చూసీ మీటలన్నీ నాకు తెలుసు. ఎవరూ చూడని చోట ఏం చేసినా ఆ ఆటలో పేరు చెడదు. అందుకే పట్టపగలు సంత నడుమకు పోయాను. మందుల ముసలమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. కత్తి దూశాను. ఆమెను నరికి, ధాన్యం కొట్టుకు నిప్పంటించాను. తొంభై ఎనిమిది సున్నాకు దిగేదాకా కదల్లేదు. ఆ ఆటలో ఒకసారి సేవ్ చేస్తే ఇక వెనక్కి పోలేం. సేవ్ నొక్కి, లేచి పప్పు తాలింపు పెట్టుకున్నాను. ఎన్ని నెలలకో ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

సోమవారం వాడి కేక ఇల్లంతా వినిపించింది. పోయి చూశాను. తెర మీద తలుపులన్నీ మూసుకుంటున్నాయి. పిల్లలు రాళ్లు విసురుతున్నారు. ఊరి పెద్ద దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కా, గిదంతా నేను చెయ్యలే! చెయ్యలే అని చెప్పే ఆప్షనే లేదు. క్షమాపణ అడుగు, లేకుంటే ఊరు ఇడిచిపో. గీ రెండే ఉన్నయ్!" వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఏది నొక్కాలె?"

"నేను మొదటిది నొక్కి చూసిన, తమ్మీ," అన్నాను.

వాడు మౌస్ వదిలేసి నా మొహంలోకి చూశాడు.

"పోయిన పేరు ఒక్క పాయింట్ గూడ మళ్ల రాలే."