బోర్లించిన రోలు

నేను ఒక రోలును. పుట్టింది గుట్ట మీద, నోరు తెరిచింది ఉలి దెబ్బకు. ముప్పై ఏళ్ళు రామక్క వంటకు కారమూ, ఊరిబిండి పచ్చడీ నూరిచ్చాను. మిక్సీ వచ్చిన రోజు నన్ను పెరట్లో గోడవారగా బోర్లించారు. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకుందంటారు. నాకు ఆ మద్దెలైనా దొరకలేదు.

రామక్క మొగుడు ఓబులేసు చెక్కభజన గురువు. చెక్కలు ఆడిస్తూ గెంతి గెంతి, కుడి మడమ వెనక నరం వాచి ఏడాదైంది. ఉగాది తిరునాళ్ళకు తాను ముందు నిలబడకపోతే జట్టు చెదిరిపోతుందని ఆయన దిగులు. పసరు కట్టాడు, వాత పెట్టించుకున్నాడు, నెలన్నర మంచం దిగలేదు. దిగిన మర్నాడే నొప్పి మళ్ళీ పలకరించింది. సూది వేయమని పోతే, అక్కడ పొడిస్తే నరం తెగినా తెగుతుందన్నాడట డాక్టరు.

చివరికి టౌను ఆస్పత్రిలో కసరత్తులు నేర్పే అమ్మ చెప్పింది. మెట్టు అంచున, మడమలు గాల్లో ఉండేటట్టు నిలబడాలి. రెండు కాళ్ళ మునివేళ్ళ మీద లేచి, నొప్పి కాలి మడమను మెల్లగా కిందికి దించాలి. రోజుకు రెండు పూటలా, మూడు నెలలు.

ఓబులేసు ఇంటికి మెట్టే లేదు. ఆయన కన్ను నా మీద పడింది.

"రోటిని తొక్కుతావా? పెండ్లికి పసుపు కొట్టే రోలది," రామక్క అడ్డం నిలబడింది.

"బోర్లా ఉంది కదమ్మే. మొగం తొక్కడం లేదు, వీపే."

నన్ను తాకి, కళ్ళకద్దుకుని ఎక్కాడు. మనుషుల న్యాయం ఇంతే. దండం పెట్టాక ఏం చేసినా తప్పు కాదు.

అసలు తంటా తర్వాత. గురువు కదా, లోపల తాళం మొదలైతే గాని ఆయన కాలు కదలదు. ఉరుకు తాళంలో మడమలు లేపాడు, దించాడు. వారానికి కుంటు ఎక్కువైంది. "జట్టును నా వెనక ఆడే గంగన్నకు అప్పజెప్తా," అని నా మీదే కూలబడ్డాడు.

రామక్క లోపలికి పోయి చెక్కలు తెచ్చింది. "ఆ యమ్మ మెల్లగా అనె కదా. నేను కొడతా, నువ్వు దిగు. నాలుగో దెబ్బకు మడమ కిందికి రావాల. ముందే వచ్చిందా, సంగటి లేదు."

ఊరికి గురువు, పెరట్లో శిష్యుడు. మూడు నెలల్లో చాలాసార్లు సంగటికి గండం వచ్చింది గాని, తప్పిపోలేదు.

తిరునాళ్ళలో ఆయనే ముందు నిలిచాడు. ఎత్తు గెంతులు గంగన్నకు వదిలాడట, అడుగు మాత్రం తప్పలేదట.

మర్నాడు నన్ను కడిగి తిరగేయబోయాడు. "ఉండనీ, నొప్పి తగ్గినా మానొద్దని ఆ యమ్మ చెప్పింది కదా. ఎక్కు," అంటూ రామక్క చెక్కలు అందుకుంది. ఆయన నాకు దండం పెట్టాడు.

నోరు తెరుచుకుని ముప్పై ఏళ్ళు చాకిరీ చేస్తే, పెండ్లిరోజు తప్ప పలకరించినవాడు లేడు. నోరు మూసుకున్నాక రోజుకు రెండు దండాలు.