మజహర్ కళాయి

భద్రాచలం అడవి మొదలయ్యే చోట ఉన్న రేగులగూడెంలో మజహర్ గిన్నెలకు కళాయి వేస్తాడు. పొద్దున్నే కొలిమి రాజేసి, పొగకు దగ్గుకుంటూ, కాలిన ఇత్తడి గిన్నెల లోపల తగరం రుద్ది దూదితో తుడుస్తాడు. భార్య సర్వరీ బేగం వాటిని కడిగి ఇంటి పెంకుల మీద బోర్లించి ఆరబెడుతుంది. ఆ గిన్నెల్లో పులుసు కాచినా చిలుము పట్టదు. పైగా, గిన్నెలోకి వంగి ఏదైనా అడిగితే, నిజమైన జవాబు వచ్చేదాకా అది వెలుగుతూనే ఉంటుంది. మీగడ ఎవరు తిన్నారో తేల్చుకోవడానికి ఊళ్లో ఆడవాళ్లు దాన్ని వాడుకునేవాళ్లు. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

డెబ్బై ఒకటి డిసెంబరులో యుద్ధం వచ్చింది. దీపాలకు నల్లకాగితం అంటించమని సర్పంచ్ వెంకటరామారావు టముకు వేయించాడు. తండ్రి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొగాకు వేసిన కుటుంబం ఆయనది. చలికి వణికే జవాన్ల కోసమని ఇంటింటికీ తిరిగి గొంగళ్లు పోగుచేశాడు. ఉన్న ఒక్కటీ ఇచ్చినవాళ్లూ ఉన్నారు. కొన్నాళ్లకే ఆ గొంగళ్లు మంచుకు తడవకుండా ఆయన పొగాకు కుప్పల మీద కనబడ్డాయి. చూసినవాళ్లంతా నోరు మూసుకున్నారు. మజహర్ మాత్రం పంచాయతీ ఆఫీసు ముందు, నలుగురిలో అడిగేశాడు.

"సర్పంచ్ గారూ, జవాన్ల గొంగళ్లు మీ పొగాకు కప్పుకున్నదేంది?"

మర్నాడే పోలీసు జీపు వచ్చింది. పెంకుల మీద గిన్నెలు తళతళలాడించి శత్రు విమానాలకు సైగలు చేస్తున్నాడట! ఆ అడవి మీద కొంగలు తప్ప ఏవీ ఎగరవని జీపు డ్రైవరుకు కూడా తెలుసు. అయినా మజహర్‌ను తీసుకుపోయారు.

సర్వరీ నేరుగా సర్పంచ్ ఇంటికి పోయింది. "మా ఇంటాయన ఏం తప్పు చేసిండు?"

"యుద్ధం జరుగుతుంటే ప్రశ్నలేంటి బేగం? ఇప్పుడు అడగడమంటే దేశానికి ద్రోహం చెయ్యడమే."

"దేశమంటే మీరేనా, రావుగారూ? దేశానికే ఇచ్చిన నా గొంగడి. మీ పొగాకుకు ఇయ్యలె."

ఇంటికొచ్చి అన్నం గిన్నెలోకి వంగి, "ఆయన్ని ఎందుకు పట్టుకపోయిండ్రు?" అని అడిగింది. గిన్నె వెలిగింది. సర్పంచ్ మనుషులొచ్చి దాన్ని ఊరి బావిలో పారేశారు. బావి వెలిగింది.

మర్నాడు సాయంత్రం నీళ్లకొచ్చిన ఆడవాళ్లు ఆ వెలుగు చూస్తూ నిలబడ్డారు. తండా నుంచి వచ్చిన బాలి, "నా గొంగడి గూడ పోయింది గదా," అని తన చెంబులోకి వంగి అదే మాట అడిగింది. దీపాలు పెట్టే వేళకు ప్రతి ఇంట్లోనూ అడిగారు. ఊరు పట్టపగలులా ఉంది. దీపాలకు నల్లకాగితాలు అలాగే ఉన్నాయి. గిన్నెలకు అంటించమని ఏ ఆర్డరూ లేదు.

సర్పంచ్ పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు. "ఆర్పండి! పైనుంచి కనపడితే ఊరు బూడిదవుతుంది!"

"మీరు జవాబు చెప్పుండ్రి. అవే ఆరిపోతయ్," అంది బాలి.

"వాడు గూఢచారి!" వెలుగు రెట్టింపైంది. "దేశభద్రత కోసం!" తెల్లారిందనుకుని చింతచెట్టు మీద కాకులు అరిచాయి.

ఆ వెలుగు రోడ్డు మీదికి కనపడి జీపు మళ్లీ వచ్చింది. "ఏందిది?" అన్నాడు ఎస్సై దిగుతూనే. అందరూ సర్పంచ్ వైపే చూశారు. సర్పంచ్ తన ఇంటి వైపు చూశాడు. భార్య సుశీలమ్మ పాలగిన్నె రెండు చేతులా పట్టుకుని అరుగు మీద నిలబడి ఉంది. అదీ వెలుగుతోంది.

"చెప్పండి," అంది సుశీలమ్మ.

"గొంగళ్ల సంగతి నలుగురిలో అడిగాడని," అన్నాడాయన తల దించుకుని. "అందుకే లేనిపోనివి చెప్పి పట్టించాను."

బావితో సహా ఊరంతా ఒక్కసారిగా చీకటైంది. ఆ చీకట్లో ఎవరో పకపకా నవ్వారు.

మజహర్ మర్నాడు ఇంటికొచ్చాడు. అతన్ని దింపిన జీపులోనే గొంగళ్లు వెళ్లాయి, పొగాకు వాసనతో. కొద్దిరోజులకు యుద్ధం ముగిసింది. కొలిమి దగ్గరికి మొదట వచ్చింది సుశీలమ్మే, పాలగిన్నె పట్టుకుని.

"దీనికి మళ్లీ కళాయి వెయ్యి మజహర్."

"మొన్ననే గదమ్మా ఏసింది. యుద్ధం గూడ అయిపాయె."

"యుద్ధం అయిపోయిందిలే. ఆయన ఇంకా సర్పంచే కదా. కాస్త మందంగా వెయ్యి."