ముప్పై ఒక్క జతల కళ్లద్దాలు

మా అక్క సంతాపసభలో ఏడుగురు మాట్లాడారు. ఏడుగురూ "సాహసి" అన్నారు, "సేవకే అంకితం" అన్నారు. ఒకాయనైతే ఆవిడ ఎక్కిన కొండల గురించి చెబుతూ తానే ఎక్కినంత ఆయాసపడ్డాడు. నేను ముందు వరుసలో కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. వంతెన మీద బైకు జారి భుజం విరగ్గొట్టుకుని, చేయి మెడకు వేలాడేసుకుని మరీ పక్క ఊళ్లో కంటి పరీక్షల శిబిరం పెట్టినప్పుడు వీళ్లెక్కడున్నారు? "ఇంటికి రావే తల్లీ" అని ఫోన్లో ఏడ్చింది నేను. "వస్తాలేవే, ఇంకో నలభై కళ్లే ఉన్నాయి" అని నవ్వింది తను.

ఇంట్లో ఆవిడ పేరు బొంగరం. నాన్న పెట్టాడు. తిరుగుతున్నంతసేపే నిలబడుతుంది, ఆగితే పడిపోతుంది అనేవాడు. భూమి కొలతల ఆఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్లూ సెలవులన్నీ ఊళ్లు తిరగడానికే ఖర్చుపెట్టింది. నలభై ఏడో ఏట ఆ ఉద్యోగమూ మానేసి, పాత బైకు కొని, అక్షరాల అట్ట, పరీక్ష లెన్సుల పెట్టె వెనక కట్టుకుని బయల్దేరింది. డాక్టరు లేని ఊరు, రోడ్డు లేని ఊరు ఉందని తెలిస్తే చాలు, ఇక కాలు నిలిచేది కాదు. వరదలో అరటిబోదెల తెప్ప మీద, లెన్సుల పెట్టె నెత్తిన పెట్టుకుని ఏరు దాటింది. లారీ డ్రైవర్లతో కలిసి రెండు రోజులు ప్రయాణం చేసి, దిగేముందు వాళ్ల కళ్లు కూడా పరీక్షించింది. ఒక డ్రైవరు ఎదురుగా వచ్చే లారీని చూసి బర్రె అనుకునేవాడట. ఆ కథ చెప్పి పడీపడీ నవ్వేది.

నాది కళ్లద్దాల దుకాణం. పరీక్ష చేయడం ఆవిడకు నేనే నేర్పాను. ఆవిడ ఊరూరా తిరిగి కొలతలు రాసుకొస్తే, నేను లెన్సులు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, పేరు చీటీ కట్టి ఇచ్చేదాన్ని. ఎప్పుడూ గుండ్రటి ఫ్రేములే చేయమనేది. పగిలితే ఏ వైపు అద్దమైనా ఏ వైపైనా పడుతుందని.

మా గొడవంతా ఒక్క విషయం దగ్గరే. మా అక్క మనిషికి ఎదురుగా కూర్చుని పరీక్ష చేసేది. ఎదురుగా కూర్చుంటే వాళ్ల కుడి కన్ను మనకు ఎడమవైపు ఉంటుంది కదా. ఆవిడ మాత్రం తన కుడిచేతి వైపు ఏ కన్ను కనబడితే దాన్నే కుడి అని రాసేసేది. మొదటి శిబిరం అద్దాలన్నీ అలాగే చేసి పంపాను. నెల తిరక్కముందే ఊరంతా తల తిరుగుతోందని సంచీలో వేసి తిప్పిపంపారు. నేను అరిస్తే, "నాకు కనబడింది రాశాను, కాస్త తిప్పి చూసుకోలేవా?" అంది. పదకొండేళ్లు చెప్పాను. చెవిన పెడితేనా! చివరికి నేనే అలవాటు పడ్డాను. అక్క రాసిన కాగితం చేతికి రాగానే కుడిని ఎడమ చేసి, ఎడమను కుడి చేసి అద్దాలు బిగించేదాన్ని. ఆలోచించాల్సిన పని కూడా ఉండేది కాదు, చేయి దానంతటదే తిప్పేసేది.

ఆఖరిసారి ఫోన్ చేసినప్పుడు రేవులో ఉంది. సరస్సు మధ్య దీవిలో వలలు అల్లేవాళ్లున్నారట, వాళ్ల దగ్గరికి మొదటిసారి వెళ్తోంది. ఆ రోజు దుకాణంలో మిషను పాడైంది, మా ఆయనకు జ్వరం, నాకు ఒళ్లు మండుతోంది. "ఈసారైనా కుడి ఎడమలు సరిగ్గా రాసి ఏడు" అన్నాను. ఆవిడ నవ్వింది. ఆ నవ్వుతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సేవ లేదు, ఏమీ లేదు. నీకు ఊళ్లు తిరగడం సరదా. నువ్వు చేసిన కంగాళీ సర్దడానికి నేనొకదాన్ని దొరికాను. ఒక్కసారైనా నా మాట విన్నావా నువ్వు?" అనేశాను. అటు నుంచి ఒడ్డుకు కొట్టుకునే నీళ్ల చప్పుడు వినబడింది. తర్వాత, "పడవ వచ్చిందే, పెట్టేస్తున్నా" అంది.

దీవిలో ఫోన్ పనిచేయదు. మూడో రోజు సాయంత్రం ఒడ్డుకు తిరిగొచ్చి, బస్సులో పట్నం చేరి, లాడ్జిలో పడుకున్న మనిషి మరి లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

నా మాటకు నొచ్చుకుందా, ఎప్పటిలాగే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసిందా? నాకు కావలసింది అదొక్కటే. అది చెప్పగలిగిన మనిషి లేదు. అన్నం ముందు కూర్చున్నా అదే, దుకాణం తాళం తీస్తున్నా అదే. అంత నోరు పారేసుకున్నాను, మళ్లీ ఒక్క మాట మంచిగా మాట్లాడే వీలు లేకుండా పోయింది.

లాడ్జివాళ్లు పంపిన సామానులో ఆవిడ నోటుపుస్తకం ఉంది. దీవివాళ్ల కొలతలు, ముప్పై ఒక్క మందివి. సభలో గొంతు చించుకున్నవాళ్లలో ఒక్కరూ "ఆ అద్దాలు నేను తీసుకెళ్తా" అనలేదు. అక్క చివరి పని నా చేతుల్లో పాడుకాకూడదని వారం రోజులు వేరే పని ముట్టకుండా కూర్చుని చేశాను. నీళ్లంటే నాకు చచ్చేంత భయం. అయినా పెట్టె ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని పడవలో కూర్చున్నాను.

"అక్క రాలేదేం?" అని అద్దాల పెట్టె చూసి పడవాయన అడిగాడు.

"ఒంట్లో బాగాలేదు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. నోరు రాలేదు, అంతే.

దీవిలో రేకుల పాక కింద అందరూ వలల మధ్య కూర్చుని ఉన్నారు. చీటీలు చూసి ఒక్కొక్కరినీ పిలిచి అద్దాలు పెట్టాను. మొదట పెట్టుకున్న అవ్వ వల ముడి వేళ్ల మధ్య పట్టుకుని, దగ్గరికీ దూరానికీ జరిపి చూసింది.

"ముడి రెండుగా కనబడుతోందమ్మా."

"కొత్త కదా అవ్వా. రెండు రోజులు పెట్టుకుంటే అలవాటవుతుంది" అన్నాను. దుకాణంలో రోజూ చెప్పే మాటే.

రెండోవాడికి బాగానే ఉంది. మూడో ఆవిడ కళ్లు నలుపుకుంది. ఐదో మనిషి తల తిరుగుతోందని స్తంభం పట్టుకున్నాడు. రెండు కళ్లకూ ఒకే పవర్ ఉన్నవాళ్లు బతికిపోయారు, మిగతావాళ్లందరిదీ అదే గోల. చేసే ముందు లెన్సులన్నీ రెండేసిసార్లు కొలిచాను. ఇక తప్పెక్కడ? అక్క ఇంకేదో కొత్త కంగాళీ చేసి ఉంటుందనిపించింది. పోయిన మనిషి మీద కూడా కోపం ఆగలేదు.

"మా అక్కకి కుడేదో ఎడమేదో తెలియదవ్వా. ఏదో గజిబిజిగా రాసి ఉంటుంది" అన్నాను.

అవ్వ అద్దాలు తీసి నా వంక చురచురా చూసింది. "ఆవిడనేమీ అనకు. ఎవరైనా ఎదురుగా కూర్చుని చూస్తారు. ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది, ఈ చెక్క మీదే. ఇద్దరం నీళ్లవైపు చూస్తూ కూర్చున్నాం. తన కుడిచేయి ఎత్తి, 'కుడి కన్ను ఇటేగా అవ్వా?' అని అడిగి మరీ రాసుకుంది. ఇక్కడున్న ప్రతి ఒక్కరి దగ్గరా అంతే. మోకాళ్లు పట్టుకుని లేవడం, ఇంకొకరి పక్కకెళ్లి కూర్చోవడం. నీకెందుకమ్మా ఈ అవస్థ అని అడిగాను కూడా."

"ఏమంది?"

"మా చెల్లెలు తిట్టిందవ్వా అంది. పదకొండేళ్లుగా చెబుతోంది, అది చెప్పేది నిజమే, నాకే బుద్ధి లేదు అని నవ్వింది. ఈసారి ఇంటికెళ్లగానే దాని ఎదుట పెడతాను, ముప్పై ఒక్కటీ సరిగ్గా రాశాను చూసుకోవే అంటాను, అప్పుడేం తిడుతుందో చూస్తాను, అంది."

సంచీలోంచి నోటుపుస్తకం తీశాను. మొదటి పేజీలో అవ్వ కొలత. కుడి, ఎడమ. తన సర్వేయరు రాతతో, గీత గీసి, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. అక్క సరిగ్గానే రాసింది. పదకొండేళ్ల అలవాటు కొద్దీ నేనే తిప్పేశాను.

నా మాట వింది. అంత కాని మాట అన్నా వింది. విని, మోకాళ్లు పట్టుకుని, ముప్పై ఒక్కసార్లు లేచి కూర్చుంది. ఇంటికొచ్చి నాతో చెప్పాలనుకుంది. చెబితే నేను ఏమనేదాన్ని? ఏదో ఒక వంక పెట్టి మళ్లీ తిట్టేదాన్ని. ఆ తిట్టు కోసమే వస్తోంది నా తల్లి, రాలేకపోయింది.

చిన్న స్క్రూడ్రైవరు తీశాను. అవ్వ ఫ్రేము విప్పి, అద్దాలు రెండూ అటూ ఇటూ మార్చి బిగించి, ఆవిడ ముక్కు మీద పెట్టాను. అవ్వ ముడి వంక చూసింది. దారం పురి మీద గోరు పెట్టి, ఒక్కో పోగూ జరిపి చూసింది.

"కనబడుతోందమ్మా! పోగులు కూడా కనబడుతున్నాయి!" అని పాకంతా వినబడేలా అరిచి, నా చేయి పట్టుకుంది. "చూశావా మరి? ఇంటికెళ్లగానే అక్కకి చెప్పు. ఆవిడ సరిగ్గానే రాసిందని, తప్పు నీదేనని నీ నోటితోనే చెప్పు."

"చెప్పడానికి అక్క లేదవ్వా. పోయింది" అన్నాను.

మా ఆయన చెప్పాడు, డాక్టరు చెప్పాడు, సభలో ఏడుగురు చెప్పారు. ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. పాకలో అందరి చేతులూ ఆగిపోయాయి. ఇంకా పద్దెనిమిది జతలు మార్చాలి. తరవాతి ఫ్రేము చేతిలోకి తీసుకున్నాను గానీ, కళ్ల నిండా నీళ్లతో స్క్రూ ఎక్కడుందో కనబడక, వేలితో తడుముతూ కూర్చున్నాను.