లేని దేశానికి స్వాగతం

రాజేందర్ నల్లటి స్వాగత బోర్డు గాడుల్లో తెల్ల ప్లాస్టిక్ అక్షరాలను బొటనవేలితో ఒత్తుతున్నాడు. కొత్త తివాచీ కింది జిగురు వాసన ఇంకా పోలేదు. నిన్నటి అతిథుల మెడల్లోంచి తీసిన బంతిపూల దండలు మూలన సంచిలో కుళ్లి నీరు కారుతున్నాయి. అద్దాల అవతల మాదాపూర్ గుట్టలు పగలగొడుతున్న దుమ్ము, ఇవతల గులాబీ సెంటు చల్లిన చల్లగాలి. 

సిద్దిపేటలో బియ్యం మిల్లు పైన రెండు గదుల కాలేజీ. అక్కడే అతను అంతర్జాతీయ సంబంధాలు చదివాడు. కింద మిల్లు ఆడితే పైన బెంచీలు వణికేవి. పేపర్లో దేశాలు విడిపోతున్నాయని వస్తోంది కదా అని ఎవరో అడిగితే, పాఠం చెప్పే పెద్దన్న సారు విసుక్కున్నాడు. "సిలబస్ మారేదాక దేశాలు మారయిరా. పరీక్షల గదే రాయాలె." రాజేందర్ అదే రాశాడు. ఫస్టుక్లాసు వచ్చింది. తర్వాత బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కూర్చున్నాడు.

ఆ డిగ్రీ చూసి మేనేజర్ వెంకట్ అతన్ని ఈ ఆఫీసులోకి టెంపరరీగా తీసుకున్నాడు. విదేశీయులకు గొడుగు పట్టాలి, నీళ్ల సీసాలు పెట్టాలి, బాత్రూం దారి చూపాలి. "ప్రాగ్ కంపెనీ వాళ్ల విజిట్ సాఫీగా జరిగితే నిన్ను పర్మనెంట్ చేయిస్తానయ్యా," అని నిన్న మాటిచ్చాడు.

రాజేందర్ బోర్డు మీద ప్రాగ్ నగరం పేరు పక్కన దేశం పేరు పెట్టాడు: చెకొస్లొవేకియా. వెంకట్ వచ్చి చూసి, నోట్లోని వక్కపొడి పూలకుండీలో ఉమ్మి, "బాగుంది" అన్నాడు.

అతిథుల్లో పెద్దాయన బోర్డు ముందు ఆగాడు. "నేను పుట్టిన దేశం. అది రెండుగా విడిపోయి ఆరేళ్లయింది," అని ఇంగ్లీషులో అంటూ నవ్వాడు. మిగతావాళ్లు బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. అందరికంటే గట్టిగా వెంకట్ నవ్వాడు. రాజేందర్ భుజం తట్టి, వాళ్లకు ఇంగ్లీషులోనే చెప్పాడు: "క్షమించండి. మా ఆఫీసు బాయ్. చదువుకోలేదు."

పెద్దాయన జాలిగా చూసి రాజేందర్ చేతిలో చాక్లెట్ పెట్టాడు. అది అరచేతిలోనే కరిగి జిగటగా అంటుకుంది.

భోజనాలయ్యాక ఎంగిలి ప్లేట్లు తీస్తున్న బాలమ్మ అడిగింది.

"ఏంది బిడ్డా, మొకం గట్ల పెట్టినవ్? తప్పు రాసినవా?"

"సారు చెప్పిందే రాసిన."

"సారు నవ్వుతుండు గదా, ఇగ ఫికరెందుకు?"

"ఈ సారు గాదు."

సాయంత్రం వెంకట్ పిలిచాడు. "బాయ్ అన్నాను కాబట్టి గట్టెక్కాం. వాళ్లింకా రెండు రోజులుంటారు. డిగ్రీ సంగతి ఎత్తకు, ఇంగ్లీషు మాట్లాడకు. నీ పర్మనెంట్ నేను చూసుకుంటా."

"నేను చదువుకున్న సార్."

"తెలుసులేవయ్యా. ఆ చదువుతోనే కదా ఇంత కంపు చేశావ్!"

ఆ మాట అబద్ధం కాదు. రాజేందర్ బాత్రూంలో చేతులు కడిగాడు, మళ్లీ కడిగాడు. బట్టలు మార్చుకుని బయటికి నడిచాడు.

"రేపు జల్ది వస్తవా?" బాలమ్మ వెనకనుంచి కేకేసింది.

"ఇగ రాను."

అతను కంకర దుమ్ములో బస్సుల వైపు వెళ్లిపోయాడు.

బట్టల గదిలో మేకుకు అతని ఆఫీసు టై వేలాడుతోంది. చేరిన రోజు వెంకట్ వేసిపెట్టిన ముడిని అతను ఏనాడూ విప్పలేదు. వదులు చేసి తలమీంచి తీసేవాడు. ముడి మడతల్లో మెడ చెమట నల్లగా అట్టకట్టి ఉంది.