తిరగేసిన గోళం

కుంచె కొనను నీలం రంగులో ముంచి, సీసా అంచుకు ఒత్తి, కార్ఖానాలో అందరూ గాలులాయన అని పిలిచే ఆయన ఊపిరి బిగబట్టాడు. ఎదురుగా ఎత్తుపీట మీద ఆయన భార్య కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా ఇరుసుకు గుచ్చిన పెద్ద భూగోళం. ఏదో బడికి పోవలసినది.

"తిప్పు," అన్నాడు.

ఆమె అరచేత్తో గోళాన్ని పడమర నుంచి తూర్పుకు మెల్లగా తోసింది. ఆయన కుంచెను పైన ఆనించి తిన్నగా కిందికి లాగాడు. కుంచె తిన్నగానే దిగింది, గీత మాత్రం పడమటికి ఒంగింది. గాలి సంగతీ అంతే. పాపం, తిన్నగా పోదామనే బయలుదేరుతుంది. కింద నేల తిరిగిపోతుంటే అదేం చేస్తుంది, వంకర పడుతుంది. గోళాలు తయారుచేసే ఆ కార్ఖానాలో మిగతావాళ్ళు నమూనా చూసి గాలుల బాణాలు గీస్తారు. భూమిని తిప్పి గీసేది వీళ్ళిద్దరే. అందుకే ఆయనకు గాలులాయన అన్న పేరు వచ్చింది. ఆమెకు ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

"తిన్నగా గీసేది ఈయన, వంకరంతా నాది," అని భోజనాల బల్ల దగ్గర నలుగురి ముందూ దెప్పుతుంది.

ఆమె గుండె బాగాలేదు. డాక్టరు ఇంటిపట్టున ఉండమన్నాడు. పొద్దున ఆయన నచ్చచెప్పబోయేసరికే ఆమె చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఈ ఒక్కటీ తిప్పేసి మానేస్తాను. చివరిది తప్పుగా తిప్పి పోయిందన్న మాట మాత్రం నాకొద్దు."

ఉత్తరార్ధం పూర్తయింది. గోళాన్ని ఊడదీసి, దక్షిణం పైకి వచ్చేలా తిరగేసి గుచ్చాడు. గోళాన్ని తిరగేస్తే తోసే చేతినీ ఎదురు వైపుకు తిరగెయ్యాలి, లేకపోతే భూమి వెనక్కి తిరిగినట్టే. పనిలో కొత్తగా చేరినవాళ్ళు పొరపడేది ఇక్కడే. ఆమె ఎన్నడూ పొరపడలేదు. అయినా గీత కాస్త అటూ ఇటూ అయితే చాలు, "నువ్వు సరిగ్గా తిప్పలేదు" అని ఆయనే తప్పును ఆమె మీదికి తోసేసేవాడు.

కొన్ని బాణాలు పడ్డాక చూశాడు. ఆమె చెయ్యి పాత వైపే తోస్తోంది.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పైపెదవి మీద చెమట. బడిపిల్ల పలక వంక చూసినంత శ్రద్ధగా గోళం వంక చూస్తోంది. ఆయనకు భయం వేసింది. తడి రంగే కదా, కిరోసిన్ గుడ్డతో తుడిస్తే పోతుంది. తరవాత చూసుకోవచ్చని మాట మింగేసి, చివరి బాణం దాకా గీస్తూనే పోయాడు.

ఆమె వెనక్కి జరిగి చూసింది.

"ఏవండీ, నేను చెయ్యి తిరగెయ్యలేదు కదూ?"

"గీసింది నేను. తప్పు నాదే."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. తరవాత నవ్వింది.

"ఈ మాట మీ నోట వినడానికి నాకు జుట్టు నెరిసింది. సరే, గుడ్డ తడపండి. ఆరకముందే తుడిచేస్తే మళ్ళీ తిప్పుతా. కాస్త ఆయాసం తీరనివ్వండి."

గోడకు తల ఆన్చి కళ్ళు మూసుకుంది. ఆయన గుడ్డ తడిపి పట్టుకుని కూర్చున్నాడు. కునుకు తీస్తోంది, లేపడమెందుకు అనుకున్నాడు. భోజనాల గంట మోగింది. పక్క గదిలోవాళ్ళు కబుర్లాడుకుంటూ వెళ్ళిపోయారు. గంట చప్పుడుకు కూడా ఆమె కదలకపోయేసరికి చెయ్యి పట్టుకుని చూశాడు. చల్లగా ఉంది. గుడ్డను బల్ల మీద పెట్టి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, ఎవరినీ పిలవకుండా కాసేపు అలాగే ఉండిపోయాడు.

తరవాత మనుషులు వచ్చారు, ఆమెను మోసుకెళ్ళారు. ఆయన వాళ్ళ వెనకే వెళ్ళాడు.

సాయంత్రం కార్ఖానా యజమాని వచ్చి, ఆ గదికి తాళం వెయ్యబోతూ లోపలికి తొంగిచూశాడు. బల్ల మీద గుడ్డ ఆరిపోయింది. ఇరుసు మీద గోళం తలకిందులుగానే ఉంది. దాని మీద దక్షిణపు గాలులన్నీ ఆమె తిప్పినట్టే ఒంగి, ఆరి, ఇక తుడిచినా పోకుండా ఉన్నాయి.