వద్దనని మనిషి

ఆట ఐదింటికి మొదలవుతుంది. నాకు మూడింటికే మొదలవుతుంది. పడగ్గదిలోంచి రెండు కుర్చీలు, వంటింట్లోంచి స్టూలు, పక్కింటివాళ్ళ ప్లాస్టిక్ కుర్చీ హాల్లోకి మోయాలి. అత్తయ్య కుర్చీని కిటికీ పక్కకి జరపాలి, అందులో అత్తయ్య ఉండగానే. గ్లాసులు తుడవాలి. పోయిన వారం కళ్ళజోళ్ళ షాపాయన ఫ్యాను వైపు చూసి నవ్వాడు కాబట్టి దాని రెక్కలూ తుడవాలి. మా ఆయన సోఫాలో కూర్చుని సాయంత్రం చెప్పబోయే డైలాగుని పెదాలతో సాధన చేసుకుంటున్నారు. నేను స్టూలెక్కితే తలెత్తి చూశారు. "జాగ్రత్త, పడతావు," అన్నారు. ప్రేమగానే అన్నారు. స్టూలు మాత్రం పట్టుకోలేదు.

ఈ ఆదివారం ఆట ఆయన కనిపెట్టిందే. మూడిళ్ళ వాళ్ళం. మేము, కింది వాటాలో డ్రైవింగ్ స్కూలాయనా భార్యా, వీధి చివర కళ్ళజోళ్ళ షాపాయనా భార్యా. ఒక్కొక్కరు తమకి బాగా నచ్చిన సినిమా సీనులోంచి ఒక మాటని, ఆ నటుడు అన్నట్టే అనాలి. అది ఏ సినిమానో, ఎవరి నటనో మిగతావాళ్ళు చెప్పాలి. ఎవరూ చెప్పలేకపోతే అన్నవాళ్ళదే గెలుపు. ఏడాదిగా ఆడుతున్నాం. ఆడుతున్నాం అంటే వాళ్ళు ఆడుతున్నారు, నేను టీ ఇస్తున్నాను. నా వంతు వచ్చేసరికి పాలు పొంగుతాయి. లేదంటే మా ఆయనే, "మా ఆవిడకి ఏడుపు సీన్లు తప్ప ఏం గుర్తుంటాయి, తన వంతు కూడా నేనే వేస్తాలే," అంటారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. మీ ఆయన ఉంటే పొద్దే తెలియదు వదినా, అంటారు. నిజమే. నాకూ తెలియలేదు. పంతొమ్మిదేళ్ళు అలాగే పోయాయి.

ఆ ఆదివారం మాత్రం నా తలలో మర్నాటి పది గంటలు తప్ప ఇంకేమీ లేదు.

నేను ఆసుపత్రిలో రక్తం తీస్తాను. పసిపిల్లలకీ, ముసలివాళ్ళకీ, నరం దొరకనివాళ్ళకీ నన్నే పిలుస్తారు. వేరే ఊళ్ళో కొత్త యంత్రాల మీద ఆరు నెలల శిక్షణ ఉంది. హాస్టల్లో ఉండాలి. వెళ్ళొచ్చినవాళ్ళు విభాగాన్ని నడుపుతారు, వెళ్ళనివాళ్ళు సూదులు పట్టుకునే ఉంటారు. మొదటిసారి నా పేరు వచ్చినప్పుడు మా అమ్మాయికి రెండేళ్ళు. వద్దన్నాను. రెండోసారి అత్తయ్య తుంటి విరిగింది. వద్దన్నాను. నా బదులు వెళ్ళిన పిల్లకి సూది ఎలా పట్టుకోవాలో నేర్పింది నేనే. ఇప్పుడు నా సెలవు చీటీ మీద సంతకం పెట్టేది ఆ పిల్ల. మంచి పిల్ల. ఈసారి నా పేరు రాసింది కూడా తనే. "అక్కా, వచ్చే నెలకి నీకు నలభై ఐదు నిండుతాయి. ఆ తర్వాత ఎవరు రాసినా తీసుకోరు. సోమవారం పదింటిలోగా చెప్పు. చెప్పకపోతే కింది పేరుకి వెళ్ళిపోతుంది," అంది.

గురువారం సాయంత్రం మా ఆయనకి చెప్పాను. చదువుతున్న పేపరుని మెల్లగా నాలుగు మడతలు పెట్టారు. "నేను వద్దనను. నీ ఇష్టం," అన్నారు. గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచరు. "రేపు ఇంట్లో ఏదన్నా అయితే మాత్రం నన్ననొద్దు." లేచి, చెప్పులేసుకుని బయటికెళ్ళారు. గంట తర్వాత వచ్చి భోజనం పెట్టమన్నారు. కూర బాగుందని కూడా అన్నారు. మొదటిసారీ ఇవే మాటలు. మర్నాడు అమ్మాయి రెండు తుమ్ములు తుమ్మితే థర్మామీటరు పట్టుకుని పక్కన కూర్చున్నారు, నన్నేమీ అనకుండా. రెండోసారీ ఇవే మాటలు. కొట్టే మగవాడుంటే కమిలిన చెయ్యి చూపించుకోవచ్చు. తిట్టేవాడుంటే తిట్లు చెప్పుకోవచ్చు. తాగేవాడుంటే వీధి వీధంతా సాక్ష్యం. వద్దనని మనిషి మీద ఏమని చెప్పను? ఎవరికి చెప్పను? "ఇంకేం కావాలే నీకు, బంగారంలాంటి మొగుడు," అని మా అమ్మే అంది. రక్తంలో చెడు ఉంటే గాజు పలక మీద పెట్టి చూపిస్తాను. దీన్ని దేని మీద పెట్టాలో నాకు తెలియలేదు. వద్దని ఆయన ఒక్కసారన్నా అనుంటే ఎదురు తిరిగేదాన్నేమో. ఆయన అనలేదు. రెండుసార్లూ వద్దన్నది నేనే. నా నోటితో, నా సంతకంతో. ఉరి తాడు నా చేతికే ఇచ్చి, ముడి నన్నే వేసుకోమని, పక్కన నిలబడి జాగ్రత్త అనే మనిషి.

శుక్రవారం ఒక పసివాడికి రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ అలా కాలేదు. వాడి తల్లి నా చేతి వైపు చూసింది. శనివారం రోడ్డు దాటుతుంటే బస్సు దగ్గరగా వచ్చింది. గుద్దితే బాగుండు అనుకున్నాను. చచ్చిపోవాలని కాదు. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా కొన్నాళ్ళు పడుకోవాలని. ఆ రోజే మా ఆడపడుచు ఇంటినుంచి అత్తయ్య తిరిగొచ్చింది. సంగతి విని, "వాడు వద్దన్నాడా? అనడు. వాడి నోట ఆ మాట రాదు," అంది. మెచ్చుకుందో మరేమిటో అర్థం కాలేదు. మాత్రలు ఇచ్చి వచ్చేశాను.

ఐదింటికి అందరూ వచ్చారు. అమ్మాయి ట్యూషన్‌కి వెళ్ళింది. డ్రైవింగ్ స్కూలాయన ముందు మొదలుపెట్టాడు. "అయ్యా, నా చేతులు చూడండి. ఇవి దొంగ చేతులా?" అని రెండు చేతులూ చాపాడు. కోర్టు సీను, అందరూ ఒక్కసారే చెప్పేశారు. "చేతులు కాదు, ఆ వేళ్ళు వణికించాడు చూడు, అదీ నటన!" అన్నాడాయన. పక్కన ఆయన భార్య తలూపింది. ఊళ్ళో సగం మందికి బండి నేర్పిన మనిషి భార్య. ఆవిడకి బండి రాదు. నేర్పడానికి ఆయనకి తీరిక లేదు.

కళ్ళజోళ్ళ షాపాయన దగ్గాడు. అంతే.

"ఒరేయ్, డైలాగు చెప్పరా," అన్నారు మా ఆయన.

"చెప్పాను కదా గురూ. ఇంకోసారి వినండి." మళ్ళీ దగ్గాడు.

"ఆ! కొడుకు రాసిన ఉత్తరం చదవకుండా జేబులో పెట్టుకుంటాడే, ఆ ముసలాయన!" అని ఆయన భార్య అరిచింది. అందరూ చప్పట్లు. ఒక్క దగ్గుతో అంత దుఃఖం ఎలా చూపించాడని పావుగంట మాట్లాడుకున్నారు. ఆ ముసలాయన దుఃఖానికి డ్రైవింగ్ స్కూలాయన కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడే ఖాళీ గ్లాసు నా వైపు చాపాడు.

తర్వాతి వంతు నాది. "మా ఆవిడ వంతు నేనే..." అని మా ఆయన గొంతు సవరించుకున్నారు. వంటింట్లో పాలు అప్పటికే దించేశాను. వెళ్ళడానికి పని లేదు.

"నేనే చెప్తాను," అన్నాను.

"అబ్బో! చెప్పు చెల్లెమ్మా, చెప్పు," అన్నాడు డ్రైవింగ్ స్కూలాయన.

నిలబడ్డాను. ఒక్క సీను గుర్తు రాలేదు. నేను సినిమాలు వంటింటి గోడ ఇవతలనుంచి వింటాను. తుపాకి పేలితే పప్పు కింద మంట తగ్గిస్తాను, పాట వస్తే గిన్నెలు కడుగుతాను. మొహాలు చూసింది తక్కువ. అందరూ నన్నే చూస్తున్నారు. నోరు తెరిచాను. మూడు రోజులుగా నోట్లో ఏదుందో అదే వచ్చింది. నేనేదో తెగించానని ఎవరన్నా అనుకుంటే పొరపాటు. లోపల ఇంకేమీ మిగల్లేదు.

"నేను వద్దనను. నీ ఇష్టం."

"విన్నాను అక్కా. ఇది చాలాసార్లు విన్నాను. నోట్లోనే ఆడుతోంది," అంది డ్రైవింగ్ స్కూలాయన భార్య.

"నేనూ విన్నాను, మొన్నీమధ్యే," అంది కళ్ళజోళ్ళ షాపాయన భార్య. "ఏ సినిమా అది?"

మగవాళ్ళు సినిమాల పేర్లు ఏకరువు పెట్టారు. జమీందారు సినిమా అని ఒకడు, కాదు, డాక్టరు సినిమా, రెండో సగం అని ఇంకొకడు. నేను కాదంటూ తల ఊపుతూనే ఉన్నాను. మా ఆయనకి ఓడిపోవడం అలవాటు లేదు. కనుబొమలు ముడిచి ఆలోచించారు.

"అసలు నువ్వు అన్న తీరు తప్పు. అందుకే తెలియట్లేదు," అన్నారు. "కోపంగా అన్నావు. అది కోపంగా అనే మాట కాదు. చాలా మెత్తగా అనాలి. ఇలా." పక్కనున్న పేపరు తీసుకున్నారు. మెల్లగా నాలుగు మడతలు పెట్టారు. నా వైపు చూడకుండా, మడత మీద గోరుతో రుద్దుతూ, "నేను వద్దనను. నీ ఇష్టం," అన్నారు.

గురువారం ఎలా అన్నారో, అచ్చు అలాగే.

"అద్భుతం గురూ! ఎంత సహజంగా ఉంది!" కళ్ళజోళ్ళ షాపాయన లేచి చప్పట్లు కొట్టాడు. మా ఆయన వంగి దండం పెట్టారు. నేను స్టూలు మీద కూర్చున్నాను. ఆయనకి తెలియలేదు. తన మాటే అని ఆయనకే తెలియలేదు.

"ఇంతకీ ఈ పాత్ర మంచివాడా, చెడ్డవాడా?" అని అడిగింది షాపాయన భార్య.

"మంచివాడేనమ్మా. పెళ్ళానికి పూర్తి స్వేచ్ఛ ఇస్తున్నాడు కదా," అన్నారు మా ఆయన.

"ఏమో అన్నయ్యా. నాకెందుకో ఒళ్ళు జలదరించింది."

అప్పుడు కిటికీ దగ్గరనుంచి అత్తయ్య మాట్లాడింది. ఆటలో ఆవిడ ఎప్పుడూ నోరు విప్పేది కాదు.

"'రేపు ఇంట్లో ఏదన్నా అయితే మాత్రం నన్ననొద్దు' అంటాడు. అని లేచి, చెప్పులేసుకుని బయటికి పోతాడు. గంటకి వచ్చి అన్నం పెట్టమంటాడు."

గురువారం అత్తయ్య ఈ ఇంట్లో లేదు.

"అదిగో, పెద్దమ్మకి తెలుసు! పాత సినిమా అన్నమాట," అన్నాడు డ్రైవింగ్ స్కూలాయన. "పెద్దమ్మా, హీరో ఎవరు?"

"వీడి నాన్న," అంది అత్తయ్య.

వాళ్ళు నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. నవ్వు ఒక్కొక్కరి మొహం మీదే ఆగిపోయింది.

"ఊళ్ళో చిన్నపిల్లల బడిలో చదువు చెప్పేవాళ్ళు లేకపోతే నన్ను అడిగారు. నేను ఏడు చదివాను. అప్పుడన్నాడు. ఒక్కసారి కాదు, ఏటా బడి తెరిచేటప్పుడల్లా అన్నాడు. ఆరేళ్ళు అడిగి వాళ్ళూ మానేశారు."

"మరి మీరేమన్నారు పిన్నీ?" షాపాయన భార్య గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"ఏమంటాను? 'అయితే వద్దులెండి' అన్నాను. అదే కదా అనాల్సింది."

డ్రైవింగ్ స్కూలాయన భార్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ మొగుడు ఆవిడ వైపు చూసి, గబుక్కున గోడ వైపు చూశాడు.

మా ఆయన చేతిలో మడిచిన పేపరు అలాగే ఉంది. ఆయన నన్ను చూశారు. అప్పుడు తెలిసింది ఆయనకి. కింద పెడదామనుకున్నారు, ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "ఏంటమ్మా నువ్వు, సరదాగా ఆడుకుంటుంటే..." అన్నారు. లేచారు. గుమ్మం దాకా వెళ్ళి చెప్పులో ఒక కాలు పెట్టారు. గది గదంతా ఆ కాలు వైపే చూస్తోంది. రెండో కాలు పెట్టలేకపోయారు, మొదటిది తియ్యలేకపోయారు. చివరికి కళ్ళజోళ్ళ షాపాయనే, "రా గురూ, అలా తిరిగొద్దాం," అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. డ్రైవింగ్ స్కూలాయన గ్లాసు చేత్తో పట్టుకునే వాళ్ళ వెనక పరిగెత్తాడు.

నలుగురు ఆడవాళ్ళం మిగిలాం. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు.

"ఎప్పటిలోగా చెప్పాలన్నావు?" అని అడిగింది అత్తయ్య.

"రేపు పదింటికి."

"ఇప్పుడే చెప్పు. వాడు తిరిగొస్తాడు. అరవడు. నీకు మంచినీళ్ళు తెచ్చిస్తాడు. తల నొప్పిగా ఉందా అని అడుగుతాడు. తెల్లారేసరికి 'వద్దులెండి' అని నువ్వే అంటావు. నాకు తెలీదా?"

"అమ్మాయి... మీ మందులు..."

"నీకు సాయం చేస్తానని నేనన్నానా? నా వల్ల కాదు."

ఫోను తీశాను. నంబరు నొక్కాను. అవతల మోగుతోంది. అత్తయ్య కుర్చీలోంచి ముందుకి వంగి నా మణికట్టు పట్టుకుంది. పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను అలా పట్టుకోవడం అదే మొదలు. గోళ్ళు గుచ్చుకున్నాయి.

"చూడు. నువ్వు పోయిన మర్నాటినుంచీ నిన్ను తిడతాను. వచ్చినవాళ్ళందరి ముందూ తిడతాను. వాడితో ఒకే ఇంట్లో బతకాలి కదా నేను. ఫోను చేసి ఏడుస్తాను కూడా, వచ్చెయ్యమని."

అవతల ఫోనెత్తారు. "చెప్పక్కా," అంది ఆ పిల్ల.

అత్తయ్య నా చెయ్యి వదల్లేదు.

"ఎంత ఏడ్చినా రాకు," అంది.