గడప లోపల పోసిన నీళ్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు: అమ్మ ఫఖ్రియా, చూపు ఆనని అమ్మమ్మ బీబీ, బస్రా నుంచి కారు తెచ్చిన మేనమామ జబ్బార్, పదిహేనేళ్ల గుఫ్రాన్.

గుఫ్రాన్ వెన్ను మూడేళ్లుగా ముందుకు వంగుతూ వచ్చి, ఆమె చూపును నేలకు దించేసింది. వాకిట్లో ఏ పలక పగిలిందో, చీమలు ఏ దారిన పోతాయో ఆమెకే తెలుసు. ఖర్జూరపు గెలలు మాత్రం కలలోనే కనిపించేవి. కలలో ఆమె మెడ నీళ్లమీద పడవలా తేలికగా లేచేది. మట్టల సందుల్లోంచి దిగిన ఎండ కనురెప్పల మీద వాలి, చాలాసేపు అక్కడే ఉండేది.

రేపే ఆపరేషన్. వెన్నుకు రెండు పక్కలా కడ్డీలు పెట్టి, మరలు బిగించి నిలబెడతామని డాక్టరు చెప్పాడు. కాళ్లు చచ్చుబడే ప్రమాదం కొద్దిగా ఉందనీ దాచకుండా చెప్పాడు. ఎనిమిది నెలలకు దొరికిన తేదీ. ఈ పూట చేరకపోతే ఆ మంచం ఇంకొకరిది. ఆసుపత్రిలో మేనత్త ఎదురుచూస్తోంది. బీబీని ఎవరికైనా అప్పగించి అమ్మ రేపు పొద్దున్నే వస్తుంది.

ప్రయాణమైన వాళ్లు గడప దాటాక వెనకాల చెంబెడు నీళ్లు పోస్తేనే క్షేమంగా తిరిగొస్తారు. బీబీ గుమ్మంలో కదిలిన జబ్బార్ నీడను చూసి, మనవరాలే అనుకుని పోసేసింది. గుఫ్రాన్ ఇంకా లోపలే ఉంది. నీళ్లు గడపకు కొట్టుకుని వెనక్కి మళ్లి, ఆమె కాలివేళ్ల దాకా వచ్చాయి.

"అయితే ఆపరేషన్ నాకేనన్నమాట. ఈ పొట్ట కాస్త తగ్గించమంటానమ్మా," అన్నాడు జబ్బార్.

బీబీ నవ్వలేదు. ప్రయాణం చెడిందనీ, ఇవాళ కదలొద్దనీ పట్టుబట్టింది. గుఫ్రాన్ ఆ నీళ్లవైపే చూస్తోంది. అందులో ఆకాశం ముక్కొకటి మెల్లగా ఊగుతోంది. బీబీ మాట ఆమెకు తియ్యగా వినిపించింది. చేతిలోని సంచి కింద పెట్టేసింది.

ఫఖ్రియా ఆమె ఎదురుగా నేలమీద కూర్చుని, కిందినుంచి ముఖంలోకి చూసింది.

"భయమేస్తోందా, తల్లీ?"

"కాళ్లు పోతే?"

"పోతే నేను మోస్తాను. ఇప్పుడు మాత్రం వాటితోనే నడువు."

సంచి జబ్బార్‌కిచ్చి, కూతుర్ని చెయ్యి పట్టుకుని గడప దాటించింది. చెంబు మళ్లీ నింపి తనే నీళ్లు పోసింది. బీబీ లోపల గొణుగుతూనే ఉంది.

కారు తలుపు దగ్గర గుఫ్రాన్ ఆగింది. గబగబా వెనక్కి వచ్చేసింది.

"అమ్మా, బీబీ చెప్పినట్టు రేపు వెళ్తాలే. ఒక్క రోజే కదా."

  కూతురి పాదం గడపమీద పడకముందే ఫఖ్రియా తలుపు మూసి, లోపల గడియ వేసుకుంది.